అద్దె ఇల్లు అమ్ముతుంటే 1031 ఎక్స్‌ఛేంజ్ చేయాలా, పన్ను కట్టేయాలా?

డల్లాస్_అద్దెఇల్లు: 3 లక్షల డాలర్లకు కొన్న ఇల్లు, అందులో స్థలం విలువ 60,000. మొదటి నుంచీ అద్దెకే ఉంది, 11 ఏళ్లు నిండాయి. ఇప్పుడు 5 లక్షలు పలుకుతోంది, కమీషన్ వగైరా 30,000 పోతాయి. లోన్ ఇంకా 1.5 లక్షలుంది. వాడుకోలేక మిగిలిపోయిన పాసివ్ లాస్ (అద్దె ఆస్తి మీద వచ్చిన నష్టం) 50,000. జీతాలు ఇద్దరివీ కలిపి 3 లక్షలు. 1031 (అమ్మిన డబ్బుతో మరో పెట్టుబడి ఆస్తి కొని, లాభంపై పన్నును వాయిదా వేసే సెక్షన్) చేస్తే మేలా? హైదరాబాద్ దగ్గర కొల్లూరులో ఫ్లాట్ కొన్నా చెల్లుతుందా?

లెక్కలపద్దు: కొల్లూరు చెల్లదండీ. అమెరికా ఆస్తికి బదులు అమెరికా ఆస్తే కొనాలి, విదేశీ ఆస్తిని ఆ సెక్షనే పక్కన పెట్టింది.

ఇక లెక్క. స్థలం తీసేసిన 2,40,000 ను 27.5 ఏళ్లకు పంచితే 11 ఏళ్ల డిప్రిసియేషన్ (ఏటా తరుగుదలగా తీసేసే భాగం) 96,000. బేసిస్ (పన్ను లెక్కలో కొన్న ఖరీదు) 2,04,000కు దిగింది. చేతికొచ్చే ధర 4,70,000, లాభం 2,66,000. డిప్రిసియేషన్ భాగానికి గరిష్ఠంగా 25% అంటే 24,000. మిగతా 1,70,000 మీద 15% అంటే 25,500. మొత్తం లాభం మీద 3.8% సర్‌టాక్స్ (పెట్టుబడి ఆదాయంపై అదనపు పన్ను) 10,108. కలిపి 59,608. ఈ డబ్బు మీ దగ్గరే ఉండి కొత్త ఇంటి మీద అద్దె తెస్తుంటే, కట్టేయడం ఎందుకు? చివరిదాకా ఉంచుకుంటే పిల్లలకు ఆనాటి మార్కెట్ ధరే బేసిస్ అవుతుంది, వాయిదా పడ్డ పన్ను పూర్తిగా మాసిపోతుంది.

ఎడిసన్_పన్నులు: ఆ 50,000 లాస్‌ను వదిలేశారు. పన్ను కట్టి అమ్మితేనే అది విడుదలవుతుంది, 1031 చేస్తే కొత్త ఇంటితో పాటు ఇరుక్కునే ఉంటుంది. జీతం 24% శ్లాబులో ఉంది కాబట్టి 12,000, సర్‌టాక్స్‌లో 1,900 తగ్గుతాయి. అసలు పన్ను 45,700 దగ్గరికి వస్తుంది. పైగా 1031లో పాత బేసిసే కొత్త ఇంటికి వస్తుంది: డిప్రిసియేషన్ ఏటా అదే 8,727. పన్ను కట్టి 4,70,000 ఇల్లు కొంటే, స్థలం 20% తీసేసినా డిప్రిసియేషన్ ఏటా 13,673.

ఇండియాకు తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే ఆ "పిల్లలకు మాసిపోతుంది" అన్న మాటను నమ్ముకోకండి. ఇక్కడ స్థిరనివాసం లేని విదేశీయులకు ఎస్టేట్ టాక్స్ (చనిపోయినవారి ఆస్తిపై పన్ను) మినహాయింపు 60,000 డాలర్లే.

లెక్కలపద్దు: లాస్ సంగతి ఒప్పుకుంటాను, అది నేను కలపాల్సింది. అయినా 45,700 చిన్న మొత్తం కాదు. ఇక్కడే ఉండేవాళ్లకు నా ఓటు 1031కే.

క్లోజింగ్_టేబుల్: ఎక్కువ ఎక్స్‌ఛేంజ్‌లు చెడేది లెక్కలో కాదు, గడువులో. అమ్మకం పూర్తయ్యే క్లోజింగ్‌కు ముందే క్వాలిఫైడ్ ఇంటర్మీడియరీతో (అమ్మిన డబ్బును మధ్యలో ఉంచుకునే సంస్థతో) ఒప్పందం ఉండాలి. డబ్బు ఒక్కరోజు మీ ఖాతాలో పడినా అయిపోయినట్టే. మీ సీపీఏ (అకౌంటెంట్), ఏజెంట్ గత రెండేళ్లలో మీకు పనిచేసి ఉంటే వాళ్లు ఆ పాత్రకు పనికిరారు. క్లోజింగ్ నుంచి 45 రోజుల్లో కొనదలచిన మూడు ఇళ్ల వరకు అడ్రసులతో రాసివ్వాలి, ధర ఎంతైనా ఫర్వాలేదు. మూడు దాటితే అన్నిటి ధర కలిపి అమ్మినదానికి రెట్టింపు మించకూడదు. 180 రోజుల్లో కొనేయాలి. అక్టోబరు 17 దాటాక అమ్మితే ఏప్రిల్ 15 రిటర్న్ గడువు ముందొస్తుంది, ఎక్స్‌టెన్షన్ (గడువు పొడిగింపు) వేయకపోతే 180 రోజులు దక్కవు.

మీ విషయంలో కొత్త ఇల్లు కనీసం 4,70,000 ఉండాలి. ఈక్విటీ (లోన్ పోగా మిగిలే) 3,20,000 మొత్తం అందులో పెట్టాలి. 1.5 లక్షల లోన్ స్థానంలో కొత్త లోన్ గానీ సొంత డబ్బు గానీ రావాలి. తగ్గిన ప్రతి డాలరూ బూట్, దాని మీద పన్ను పడుతుంది.

ఇంకొకటి, మనవాళ్లు తరచూ చేసే పొరపాటు. నలుగురు స్నేహితులు కలిసి ఎల్‌ఎల్‌సీ కంపెనీ పేరున కొంటే, అమ్మేటప్పుడు ఎక్స్‌ఛేంజ్ చేయాల్సింది ఆ ఎల్‌ఎల్‌సీయే. ఒక్కరు తన వాటా విడిగా తీసుకుని 1031 చేయలేరు. ఇల్లు మీ ఇద్దరి పేరునే ఉంటే, కొత్త డీడ్ కూడా ఆ ఇద్దరి పేరునే రాయించండి. ఇంటర్మీడియరీ దగ్గర మీ డబ్బు విడి ఎస్క్రో ఖాతాలో, మీ సంతకం లేకుండా కదలని విధంగా ఉండాలని ఒప్పందంలో రాయించుకోండి. 2008లో లాండ్‌అమెరికా దివాలా తీసినప్పుడు దాని ఎక్స్‌ఛేంజ్ సంస్థలో డబ్బున్న ఖాతాదారులు మధ్యలో చిక్కుకున్నారు.