కాటుక కంటినీరు: "కంటి" ఎటు అంటుకుంటుంది?

జయనగర్, బెంగళూరు
ఫోర్త్ బ్లాక్‌లో తలనొప్పి మాత్రల కోసం మందుల షాపుకి వెళ్ళి, కౌంటర్ పక్కన వేలాడుతున్న చవక మస్కారా ఒకటి కొన్నాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. పొద్దున వేసుకుంటే బాగానే ఉంది. రెప్పవెంట్రుకలు ఉండలు కట్టకుండా విడివిడిగా నిలబడ్డాయి. సాయంత్రం సాంబారులోకి చిన్నుల్లిపాయలు వలుస్తుంటే కళ్ళు మండి నీళ్ళు కారాయి, రెండు చెంపల మీదా నల్ల చారలు. అప్పటినుంచి ఒక పద్యపాదం వదలడం లేదు: "కాటుక కన్నీరు చనుకట్టుపై పడ..." ఆ తర్వాత గుర్తు రావడం లేదు. ఇంతకీ అది కాటుక కలిసిన కన్నీరా, కాటుక పెట్టుకున్న కంటి నీరా? మస్కారా కారినా ఆ మాట వాడుకోవచ్చా?

మైలాపూర్, చెన్నై
"కన్నీరు" అంటే గణం తప్పుతుందమ్మా. అది పోతన చెప్పాడనే చాటువు, అంటే విడిగా చెప్పుకునే పద్యం. ఏడుస్తున్న సరస్వతితో కవి అంటున్న మాటలు. వృత్తం ఉత్పలమాల. ఇక్కడ గణమంటే మూడక్షరాల గుంపు. భగణం తర్వాత రగణం (గురువు, లఘువు, గురువు) పడాలి, "కన్నీరు" పెడితే తగణం (గురువు, గురువు, లఘువు) అవుతుంది. పాదం ఇది: "కాటుక కంటినీరు చనుకట్టుపయిం బడ నేల యేడ్చెదో". తర్వాతిది "కైటభదైత్యమర్దనుని గాదిలి కోడల", అంటే విష్ణువు ముద్దుల కోడలా అని. ఇక మీరు అడిగిన అర్థం. నా లెక్కలో "కాటుకకంటి" అనేది ఒకే మాట. కలువకంటి, లేడికంటి లాగానే. కాటుకకంటి నీరు అంటే కాటుక కళ్ళ తల్లి కార్చే నీరు.

విజయనగర్, బెంగళూరు
మాస్టారూ, వాలుగంటిలో "గ" వచ్చింది కదా. ఒకే మాట అయితే కాటుకగంటి అని ఉండాలి. క అలాగే నిలిచిందంటే అక్కడ మాట తెగిందనే. కాటుక వేరు, కంటినీరు వేరు.

మైలాపూర్, చెన్నై
కలువకంటిలో "గ" రాలేదు బాబూ. ఉదాహరణ ఇచ్చి మరీ చెప్పాను.

విజయనగర్, బెంగళూరు
కలువ ఉపమానం, కాటుక ఉపమానం కాదు. పైగా కాటుకకంటి ఆవిడే అయితే ఆవిడ ఎదురుగా ఉండగానే "కాటుకకంటి నీరు" అని మూడో మనిషిని గురించి చెప్పినట్టు అవుతుంది. "ఏల యేడ్చెదో" అని నేరుగా అడుగుతున్నాడు. కోడల, మదంబ (నా తల్లీ), హాటకగర్భురాణి (బ్రహ్మ ఇల్లాలా), ఇన్ని పిలుపులు వరసగా ఉన్నాయి. వాటికి ముందు ఆమెను మూడో మనిషిని చేయడం పొసగదు.

మాంబళం, చెన్నై
వ్యాకరణం మీరిద్దరూ చూసుకోండి, నేను కంటి సంగతి చెబుతాను. కాటుక పెట్టేది రెప్ప అంచున, లోపలి తడి మీద. కన్నీరు పుట్టగానే దాన్ని తాకుతుంది. ఆముదం దీపం మసిలో నూనె కలిపి చేసినది నీళ్ళలో కరగదు కానీ, నీటి మీద తేలుతూ జారిపోతుంది. అందుకే ఆ నీరు నల్లగానే కారుతుంది. మస్కారా ఉండేది వెంట్రుకల మీద, తడికి కాస్త దూరంగా. అది కారాలంటే రెప్ప కొట్టాలి, నీళ్ళు వెంట్రుకల దాకా రావాలి. కాబట్టి పద్యంలో ఉన్నది కాటుక కలిసిన కంటినీరే, నాకైతే అనుమానం లేదు.

జయనగర్ అక్కా, మీ ట్యూబు మీద "వాషబుల్" అని ఉందా? ఉంటే అది నీళ్ళు కలిపి చేసిన రకం, నీళ్ళు తగిలితే మళ్ళీ కరుగుతుంది. వాటర్‌ప్రూఫ్ రకంలో మైనం, నల్ల ఐరన్ ఆక్సైడ్, వెంటనే ఆవిరైపోయే నూనె ఒకటి ఉంటాయి. నూనె ఆవిరయ్యాక మిగిలే పొరను కన్నీరు కదపలేదు. కొబ్బరినూనె మాత్రం కరిగిస్తుంది. చెన్నైలో తిరకాసు అక్కడే. చెమట కన్నా చర్మం మీది జిడ్డు పనిచేసి మధ్యాహ్నానికల్లా కంటి కింద మసక వచ్చేస్తుంది. మీ ఊళ్ళో ఉక్క తక్కువ, వాటర్‌ప్రూఫ్ చవకదే అయినా నిలుస్తుంది.

జయనగర్, బెంగళూరు
వాషబుల్ అనే ఉంది. చెప్పినందుకు థ్యాంక్స్. బ్రష్ బయటికి తీసేటప్పుడు ట్యూబు మూతి దగ్గర ఎక్కువైనది తుడిచి, మొదళ్ళ నుంచి అటూ ఇటూ కదుపుతూ పైకి లాగితే ఉండలు కట్టలేదు. రెండో పూత మొదటిది ఆరకముందే వేయాలి, ఆరాక వేస్తే పెళుసుగా రాలుతోంది.

ఒక మాట. కన్నడ వాళ్ళు కాటుకని "కాడిగె" అంటారు. మా పక్కింటావిడ దగ్గర "కాటుక" అంటే అర్థమైపోయింది.

మాంబళం, చెన్నై
ఇక్కడ "కణ్మై". మై అంటే సిరా కూడా. ఆ పద్యంలో ఏడుస్తున్నది చదువుల తల్లి. తమిళం వచ్చినవాళ్ళు చదివితే ఆ నల్లటి నీటిలో సిరా కూడా కనబడుతుంది.

విజయనగర్, బెంగళూరు
అందంగా ఉంది అక్కా, కానీ తెలుగు కాటుకకి సిరా అర్థం లేదు. కవి అనుకోని దాన్ని ఆయనకి అంటగట్టలేం.

మైలాపూర్, చెన్నై
నలుపు సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. పోతన భాగవతం మొదట్లో సరస్వతిని ఎలా చూశాడు? "శారదనీరదేందు ఘనసార పటీర మరాళ మల్లికా" అంటూ శరత్కాలపు మబ్బు, చంద్రుడు, కర్పూరం, గంధం, హంస, మల్లెలు, ఇంకా నురుగు, వెండికొండ, రెల్లు, కుందం, పాలసముద్రం. తెల్లనివన్నీ వరసపెట్టి తెచ్చాడు. అంతటి తెల్లని మూర్తిలో నల్లనిది కాటుక ఒక్కటే. చాటువు మొదటి మాటే "కాటుక". ఆ తెలుపు మనసులో ఉన్నవాడికే ఆ మాట తడుతుంది. ఇంకోటి చూడండి. శారదనీరదేందు కూడా ఉత్పలమాలే, అదీ "భారతీ" అనే ముగుస్తుంది. ఇదీ "నమ్ము భారతీ" అనే ముగుస్తుంది. రెండూ ఒకే గొంతులోంచి వచ్చాయని నేను గట్టిగా నమ్ముతాను.

విజయనగర్, బెంగళూరు
లేదా శారదనీరదేందు నోటికి వచ్చిన ఇంకో మంచి కవి, ఆ ముగింపుని తీసుకుని పోతన పేర కట్టాడు. ఈ పద్యం భాగవతంలో లేదు, చాటువుగానే మిగిలింది. రాజులకి కావ్యం అంకితం ఇవ్వననే మాట మాత్రం ఆయనదే, భాగవతం అవతారికలో, అంటే ముందుమాటలో, "ఇమ్మనుజేశ్వరాధములకు" అని స్పష్టంగా ఉంది. ఆ భావాన్ని తీసుకుని ఎవరైనా అల్లి ఉండొచ్చు.

మైలాపూర్, చెన్నై
ఎవరైనా అల్లగలిగేదా ఇది! మూడో పాదం చూడు. "హాటకగర్భురాణి నిను నాకటికిం గొనిపోయి". హా కి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పదో అక్షరం కలిసే పొందిక, ఎక్కడ కుదిరింది? నాకటికిలో దాగిన "ఆ" దగ్గర. నినున్ ఆకటికిన్. ఆకలి అనే మాటని యతిస్థానంలో పెట్టాడు. ఆకలికి తట్టుకోలేక అమ్ముకునే కవులు ఉన్న కాలంలో, ఆ మాటే పద్యానికి ఊతం. నాలుగో పాదంలో "కిరాట కీచకుల కమ్మ" దగ్గర "అమ్మ" అంటే అమ్మను, విక్రయించను అని. చాలామంది దాన్ని తల్లి అనుకుని చదివేస్తారు. అలా చదివితే పద్యంలో క్రియే మిగలదు.

విజయనగర్, బెంగళూరు
అమ్మ విషయంలో మీ మాటే నా మాట. అమ్మడం ఉంది కాబట్టే దాని ముందు కిరాట ఉంది, కిరాత కాదు. కిరాటుడు అంటే వర్తకుడు. పాడేవాళ్ళు కిరాత అంటుంటే బాధగా ఉంటుంది. బోయవాడికి కావ్యం కొనే పనేముంది?

మాంబళం, చెన్నై
కిరాటకి వేరే చర్చ పెట్టండి తమ్ముడూ. ఆవిడ అడిగింది మస్కారాకి ఏ మాట అని. పక్ష్మం అంటే రెప్పవెంట్రుక, దట్టమైన రెప్పలున్న అమ్మాయిని పక్ష్మలాక్షి అనేవారు. అలాగని పక్ష్మరంజని లాంటివి తయారుచేస్తే షాపులో ఎవరూ అడగరు. "రెప్పకాటుక" నాకు నచ్చుతుంది. ఫ్రెంచి వాళ్ళూ ఇటలీ వాళ్ళూ రిమ్మెల్ అనే వ్యాపారి పేరే ఈ వస్తువుకి పెట్టుకున్నారు. మనం మస్కారా అనే ఉంచుకున్నా నష్టం లేదు.

జయనగర్, బెంగళూరు
రెప్పకాటుక బాగుంది. మరి అది కారితే "రెప్పకాటుక కంటినీరు" అనాలా?

మైలాపూర్, చెన్నై
అంటే మళ్ళీ నా దారిలోకే వచ్చారు. రెప్పకాటుక ఉన్న కన్ను, దాని నీరు.

విజయనగర్, బెంగళూరు
కాదు మాస్టారూ, రెప్పకాటుక కలిసిన కంటినీరు. ఆవిడ చెంపల మీద చారలు నల్లగా ఉన్నాయని మొదట్లోనే రాశారు.

మైలాపూర్, చెన్నై
చారలు చెంపల మీద. పద్యంలో చనుకట్టు మీద. అక్కడ పడేసరికి నల్లగా ఉందో లేదో కవి చెప్పలేదు. మీ దగ్గర పాత ముద్రణ ఏదైనా ఉంటే, కాటుకకీ కంటికీ మధ్య ఖాళీ ఎలా ఉందో ఫోటో పెట్టండి.