కోర్టు ‘శాంక్షన్’ చేసిందంటే అనుమతించినట్టా, శిక్షించినట్టా?

ఇంగ్లిష్ బాగా తెలిసినవారు కాస్త చెప్పండి. బ్యాంకు లోను శాంక్షన్ చేసిందంటే మంజూరు చేసిందని అందరికీ తెలుసు. ప్రభుత్వోద్యోగిని ప్రాసిక్యూట్ చేయడానికి కావలసిన ముందస్తు అనుమతినీ శాంక్షన్ అనే అంటారు. ఇంతవరకూ పేచీ లేదు.

2023లో న్యూయార్క్‌లో, చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను కోర్టుకు చూపిన లాయర్లను న్యాయమూర్తి శాంక్షన్ చేశారని ఒక వార్త. అనుమతించడమేమిటని కిందికి చదివితే, 5,000 డాలర్ల జరిమానా! దేశాలపై ‘శాంక్షన్స్’ అంటే ఆంక్షలని తెలుసు కానీ, క్రియకూ ఆ అర్థం ఉంటుందనుకోలేదు.

కర్మ స్థానంలో మనిషో దేశమో ఉంటే శిక్ష, పనో డబ్బో ఉంటే అనుమతి అని నా ఊహ. ఈ లెక్క ఎక్కడైనా తప్పుతుందా? ఆఫీసు ఉత్తరాల్లో గొడవ లేకుండా ‘అప్రూవ్’ అని రాస్తే సరిపోతుందా, మరీ తేలికగా ఉంటుందా?