సమస్య: గుడిసె తడవదాయె కురియ వాన

నర్సంపేట (ఈ వారం సమస్య నాది):
అందరికి నమస్తే. ముందుగాల ఈ సమస్య ఎట్ల పుట్టిందో చెప్తా. పోయిన ఆదివారం నేను గీసిన గుడిసె బొమ్మ పెట్టిన కదా, అది మా తాతది, మా చెలక మీద ఉండేది, తాటి కమ్మల కప్పు, ముంగట యాపచెట్టు, ఎనకాల ముసురు పట్టిన ఆకాశం. నాకు బొమ్మలు ఎవ్వరు నేర్పలే, డ్యూటీ నుంచి వచ్చి తిన్నంక క్రిత అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేసి కూసుంట, ఫ్రీగ దొరికేదే అది, పెన్ ట్యాబ్లెట్ ఒక్కటే కొన్న, ఈ ఒక్క బొమ్మకు పన్నెండు రాత్రులు పట్టింది. పెట్టంగనే మన ములుగు అన్న ఒక్కటే మాట రాసిండు, "తమ్మీ, వాన పడుతుంది గాని నీ గుడిసె తడుస్తలేదు" అని. ఆ మాట నాకు రెండు దినాలు నిద్ర పట్టనియ్యలే, మల్ల పెద్దగ చేసి చూసుకుంటే నిజమే, మబ్బు నల్లగ ఉన్నది, వాన గీతలున్నయ్, కప్పు మాత్రం ఎండకాలం లెక్క పసుపుపచ్చగ ఎండిపోయి ఉన్నది. ఆ మాటనే ఆటవెలది పద్యం నాలుగో పాదం చేసి సమస్యగ ఇస్తున్న, ముందటి మూడు పాదాలు మీరు రాసి, వాన పడ్డా గుడిసె తడవదనే విరోధాన్ని విప్పుతూ పూరణ చెయ్యాలె. శుక్రవారం రాత్రి దాక టైమున్నది.

గుడిసె తడవదాయె కురియ వాన

పరకాల తమ్ముడు:
అన్నా నేను పద్యం రాసుడు ఇదే మొదటిసారి, తప్పులుంటే చెప్పున్రి.

బొమ్మలోన నేను గీసిన గుడిసెకు
పల్లె యిల్లు చెట్టు బండి బాట
ఫోనులోన మబ్బు పొంగి పొర్లిన గాని
గుడిసె తడవదాయె కురియ వాన

పెద్దసారు (హుజూరాబాద్):
బిడ్డా, మొదటిసారికే గణాలు, అంటే పాదంల అక్షరాల కొలతలు, పట్టుకున్నవ్, నాకు శానా సంతోషమైంది. మొదటి పాదంల యతి తప్పింది. ఆటవెలదిల ప్రతి పాదంల మొదటి అక్షరానికి, నాలుగో గణం మొదటి అక్షరానికి మైత్రి కుదరాలె, నీది "బొ"తోని మొదలై "గీ" కాడ ఆగింది, కుదరదు. ఇంకోటి, "గుడిసెకు" అన్నవ్, ఆ "కు" కింది పాదంల ఏ మాటను పట్టుకుంటదో తెలుస్తలేదు. "బొమ్మలోన నేను పొందుగ గీసితి" అని మార్చి చూడు. బొ, పొ రెండు ఒకటే వర్గం, అచ్చు కూడ ఒకటే, యతి కుదిరింది, కింద ఇల్లు చెట్టు బండి బాట అన్ని గీసినవాట్లకే వస్తయ్. ఇగ భావం సంగతి, "బొమ్మలోది కాబట్టి తడవలే" అన్నది ఈ సమస్య చూడంగనే అందరికి తట్టేదే. తట్టిన మొదటిదాన్ని పక్కకు పెట్టి ఇంకో రోజు ఆగితే నీదైనది వస్తది.

పరకాల తమ్ముడు:
రాసుకున్న సార్. పొందుగ అనే మాట మా నానమ్మ అంటుండె, పద్యంల పెట్టొచ్చని తెల్వది.

కాజీపేట:
నేను కూడ డిజిటల్ గీస్త కాబట్టి నాకు ఇట్ల తట్టింది.

వాన లేయరేమొ వచ్చెను కిందికి
గుడిసెదేమొ పైన కూరుచుండె
చూడకుండ నేను సోపతులకు పంప
గుడిసె తడవదాయె కురియ వాన

నర్సంపేట:
ఇది అక్షరాల నాకు అయ్యిందే! వాన గీతలు ఒక లేయర్ మీద గీసిన, గుడిసె ఇంకో లేయర్, సగం బొమ్మ అయినంక చూస్తే వాన పోయి గుడిసె ఎనుకకు పడ్డది, పైకి జరుపుకున్న. పద్యంల చెప్తారని అనుకోలే.

పెద్దసారు:
లేయర్ అంటే నాకు మనుమరాలు చూపిచ్చింది, గాజు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు అని. అర్థమైనంక చూస్తే ఈ పూరణల విరోధం పూర్తిగ విడిపోయింది, వాన నిజంగనే కురిసింది, గుడిసె నిజంగనే తడవలే. "సోపతులకు" చూ-సో యతి చక్కగ పడ్డది. నా లెక్కల ఇప్పటిదాక ఇదే ముందున్నది.

జనగామ అక్క:
తమ్మీ నీ బొమ్మ చూస్తే మా ఊరి గుడిసెలు యాదికొచ్చినయ్.

మిరుగమొచ్చు ముందె మేలైన కమ్మలు
తాత కప్పినాడు దబ్బ గట్టి
చుక్క కారకుండ చూరెంట దిగిపోయె
గుడిసె తడవదాయె కురియ వాన

మిరుగం అంటే మృగశిర కార్తె, జూన్ ఎనిమిది అటు ఇటు, దానికి ముందే పాత కమ్మలు పీకి కొత్తయి పరిచి వెదురు దబ్బలతోని బిగగట్టేటోళ్ళు, కప్పు బాగ వాలుగ పెట్టేది, వాలు లేకుంటే నీళ్ళు నిలిచి కమ్మ మురుగుతది.

ములుగు అన్న:
అక్కా మాటలు మంచిగున్నయ్, దబ్బ, చూరు, కమ్మ అన్ని మన గుడిసె మాటలే. కాని నాకు ఒక్కటి కుదుర్తలేదు. ఇండ్ల లోపట తడవలే అని మీరు చెప్పిన్రు, కప్పు మీద మాత్రం వాన పడ్డది కదా, పడ్డది అంటే గుడిసె తడిసినట్టే. సమస్యల "గుడిసె" అన్నరు, "లోపల" అనలే.

జనగామ అక్క:
మా అమ్మ మాత్రం లోపట కారకుంటేనే గుడిసె తడవలే అంటది తమ్మీ. అయినా నువ్వు చెప్పింది ఒప్పుకుంట, ఇంకో పాదంల ఆ ముక్క పట్టియ్యాల్సి ఉండె.

భూపాలపల్లి:
ములుగు మీద మబ్బు ముసురాయె రాతిరి
నీదు గుడిసె నాకు నెట్టులొచ్చె
ఎండ గాయుచుండె నీ వరంగలులోన
గుడిసె తడవదాయె కురియ వాన

నేను పనికి వరంగల్ వచ్చి ఉన్న, ఫోన్ల బొమ్మ చూస్తున్న, మా దిక్కు మబ్బు పట్టిందని అప్పుడే ఇంటి నుంచి ఫోనొచ్చింది.

పెద్దసారు:
"నెట్టులొచ్చె" చదివి నవ్వుకున్న, ఎట్టుల వచ్చె అని అడిగినట్టు ఉన్నది, నెట్టుల వచ్చె అని జవాబు చెప్పినట్టు కూడ ఉన్నది. కాని "రాతిరి" పెట్టుడుతోని సమస్య సడలిపోయింది, వాన రాత్రిది, ఎండ పొద్దుటిది అయితే రెంటికి మధ్య విరోధమే లేదు. "ముసురాయె నిప్పుడె" అంటే గణాలు అట్లనే ఉంటయ్, అక్కడ వాన ఇక్కడ ఎండ ఒక్క గడియల జరుగుతయ్. "నీ వరంగలు" అన్నకాడ "ఈ" అనే అనుకుంటున్న, చదివేటోళ్ళు "నీది" అనుకునే అవకాశమున్నది.

హన్మకొండ:
పూరణ కాదు, ఒక మాట అడుగుత. బొమ్మల గుడిసె తడవాలె అని ఎందుకు పట్టుబడుతున్నరు? చేర్యాల నకాషీ పటాలు, బట్ట మీద గీసే కథల బొమ్మలు, చూడున్రి, ఎర్ర నేల మీద గట్టి రంగులు, వెలుగునీడలే ఉండయ్, అవి చూసి ఎవ్వరు లోపమనరు. సిద్దిపేట కాపు రాజయ్య గారు మన పల్లె బతుకును ఆ జానపద పద్ధతి దిక్కుకెల్లి తీసుకొని గీసిన్రు, అందుల ప్రాణం లేదంటమా?

ములుగు అన్న:
అనం అన్నా. ఆ పద్ధతిల గీస్తే ఆ పద్ధతి రూల్సే. ఈ తమ్ముడు మాత్రం నీడలు గీసిండు, మబ్బుల వెలుతురు గీసిండు, యాపచెట్టు కింద మసక గీసిండు. అన్నిట్ల వానకాలం పెట్టి కప్పు ఒక్కదాన్ని ఎండకాలంల వదిలేస్తే కన్ను అక్కడ్నే ఆగుతది. తమ్మీ, తడిసిన గడ్డి, తడిసిన కమ్మ ఎండిన దానికన్న ముదురు రంగుల ఉంటది, తడి వెలుతురును తక్కువ ఎనక్కి పంపుతది కాబట్టి. కప్పు మీద ఒక లేయర్ తీసుకొని మల్టిప్లైల (కింది రంగును ముదురు చేసే పద్ధతిల) పెట్టి నీలం కలిసిన బూడిద రంగు పల్చగ కొట్టు. ఇంకోటి, చూరు కింద నేల చూసినవా ఎప్పుడన్న? నీళ్ళు ఏండ్లకేండ్లు ఒకటే జాగల పడి పడి చిన్న చిన్న గుంతలు వరుసగ అయితయ్, గోడకు జానెడు దూరంల, దండ పరిచినట్టు. అది గీస్తే వాన గీతలు సగం తీసేసినా వాన తెలుస్తది.

నర్సంపేట:
అన్నా ఆ గుంతలు! నేను చిన్నప్పుడు వాన ఎలిసినంక వాట్లల్ల చింతగింజలేసి ఆడుకున్న, గీసేటప్పుడు మాత్రం యాదికి రాలే. ఈ రాత్రి కూసుంట.

(శనివారం పొద్దుగాల)

నర్సంపేట:
కప్పు ముదురు చేసిన, గుంతలు గీసిన, ఒక్కొక్క దాంట్ల ఆకాశం తెల్లగ చుక్కంత పెట్టిన, వాన గీతలు నిజంగనే సగం తీసేసిన. పొద్దుగాల అమ్మకు ఫోన్ల చూపిచ్చిన. శానా సేపు ఏం మాట్లాడలే. టైం దాటిపోయింది, లెక్కల తీసుకోకున్నా పర్వాలేదు, నా పూరణ ఇది.

కూలిపోయి గుడిసె గోడలే మిగలంగ
తాత బోయెనన్ని తలపులాయె
అమ్మ కంటి నీరె యద్దాన జారంగ
గుడిసె తడవదాయె కురియ వాన

ములుగు అన్న:
తమ్మీ.

జనగామ అక్క:
అమ్మను అడిగినట్టు చెప్పు బిడ్డా. నేను ఇది మా ఇంట్ల చదివి వినిపిచ్చిన.

పెద్దసారు:
రెండో పాదంల "అన్ని తలపులాయె" అన్నది కొద్దిగ తేలిక పడ్డది, నువ్వు ఆ గుంతలను, చింతగింజలను అక్కడ తెచ్చుంటే ఇంకా బరువు వస్తుండె, తర్వాత తీరుబాటుగ ఆ పాదం మల్ల రాయి. "అద్దాన" అంటే ఫోను అద్దమని నాకు ఈడ ముందు రాసింది చదివితేనే తెలిసింది, ఉత్త పద్యం చదివినోళ్ళు గోడ అద్దం అనుకుంటరు. అయినా అమ్మ కన్నీరే వాన అయ్యి బొమ్మ మీద కురిసింది, అద్దం అడ్డమున్నది కాబట్టి గుడిసె తడవలే. ఇంతకన్న విరోధం ఎట్ల విప్పుతరు, నాకైతే తెల్వది.

పరకాల తమ్ముడు:
అన్నా అమ్మ ఏమన్నది చివరికి?

నర్సంపేట:
తడక తలుపు తూర్పు దిక్కుండె రా, నువ్వు దక్షిణం దిక్కు పెట్టినవ్ అన్నది. నీళ్ళ కుండ గడంచె మీద ఉండేదట, నేను కింద పెట్టిన. తలుపు మారిస్తే లోపలికి పడే వెలుతురు అంత మారుతది, గోడ నీడ మల్ల మొదటి నుంచి గీయాలె. రాత్రికి మొదలు పెడుత, ఆదివారం దాక అయితదేమో చూస్త.