కొండల మధ్య జలాశయం చుట్టూ కార్లు రాని కంకర బాట: రూట్ ఎలా గీయాలి?

రెండుచక్రాలు:
కొండల మధ్య ఉన్న జలాశయం చుట్టూ తిరిగొచ్చే గ్రావెల్ రూట్ ఒకటి గీస్తున్నానండీ. చుట్టుకొలత సుమారు 38 కిలోమీటర్లు. కార్లు తిరిగే రోడ్డు ఎక్కకుండానే చుట్టు పూర్తవ్వాలి. ప్లానింగ్ యాప్ చూస్తే మొత్తం ఎక్కుడు 940 మీటర్లు అంటోంది. నీళ్ల ఒడ్డునే పోయే బాటకి అంత ఎక్కుడు ఎక్కణ్నుంచి వస్తుంది? టైర్లు 40 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్, ముందు 40 పళ్ల చైన్‌రింగ్ ఒక్కటే, వెనక 11–42 క్యాసెట్ (వెనక చక్రానికుండే పళ్ల చక్రాల గుత్తి). నేను 75 కిలోలు, సైకిలు సామానుతో కలిపి 10. బాట మీదికి బళ్లు రావని ముందే ఎలా తెలుసుకోవాలి? గాలి ఎంత పెట్టాలి? ఎటువైపు నుంచి తిరగాలి?

కాంటూర్‌గీత:
ముందు ఆ 940 సంగతి. అందులో చాలా భాగం లెక్కలో పుట్టిన ఎక్కుడే అయ్యుంటుంది. చాలా యాప్‌లు ఎత్తుల కోసం వాడే డేటా 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌకలోంచి రాడార్‌తో తీసిన ఎస్‌ఆర్‌టీఎం. దాని గడి సుమారు 30 మీటర్లు. జలాశయం ఒడ్డు నిటారుగా ఉండి, బాట ఆ వాలుకి అడ్డంగా పోతున్నప్పుడు, మీరు గీసిన గీత పది మీటర్లు పక్కకి జరిగితే చాలు, 40 శాతం వాలు మీద ఎత్తు నాలుగు మీటర్లు మారిపోతుంది. గీత ఒకసారి పైకి, ఒకసారి కిందికి జరిగినప్పుడల్లా యాప్ దాన్ని ఎక్కుడుగా కూడుతుంది. వంద మీటర్లకి ఒక్క మీటరు చొప్పున తప్పు చేరినా 38 కిలోమీటర్లకి 380 మీటర్లు. దీనికి తోడు ఆ రాడార్ అడవిలో నేలను కాకుండా చాలావరకు చెట్ల పైభాగాన్ని కొలిచింది. అడవి అంచు వచ్చిన ప్రతిచోటా లేని మెట్టు కనబడుతుంది.

అందుకని చేత్తో లెక్కపెట్టండి. పది మీటర్ల అంతరంతో కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) ఉన్న మ్యాప్ తెరిచి, బాట పైకి పోతూ ఎన్ని గీతలు దాటుతోందో చూసి పదితో హెచ్చించండి. బాట ఒకే గీత పక్కన పోతున్నంతసేపూ ఎక్కుడు లేనట్టే. ఈ పనికి అరగంట పడుతుంది, కానీ యాప్ ఇచ్చిన అంకె కంటే ఇది ఎంతో నమ్మదగినది.

ఇక నిజమైన ఎక్కుడు మూడు చోట్ల వస్తుంది. మొదటిది, నీళ్లలోకి పొడుచుకొచ్చిన కొండ కొమ్ములు. ఒడ్డు రాతిగోడలా ఉంటే బాట చుట్టూ పోలేక కొమ్ము మీదికెక్కి దిగుతుంది. రెండోది, వాగులు కలిసే చోట్లు. జలాశయం నిండినప్పుడు ప్రతి వాగు లోయలోకీ నీళ్లు వేలులా చొచ్చుకుపోతాయి. వంతెన ఆ వేలు చివర ఉంటే దూరం పెరుగుతుంది, ఎక్కుడు పెరగదు. వంతెన లేకపోతే పై గట్టు మీది బాట పట్టాల్సిందే, అప్పుడు రెండూ పెరుగుతాయి. మూడోది ఆనకట్ట. దాని మీదుగా దారి ఇవ్వకపోతే కట్ట పాదం దాకా దిగి మళ్లీ ఎక్కాలి. ఇంగ్లండ్‌లోని కీల్డర్ జలాశయం ఆనకట్ట ఎత్తు 52 మీటర్లు. అలాంటి కట్ట కింద నుంచి తిరిగితే ఆ ఒక్కచోటే దాదాపు 50 మీటర్ల ఎక్కుడు. కీల్డర్ చుట్టూ ఉన్న లేక్‌సైడ్ వే అనే బాట 42 కిలోమీటర్లు. మ్యాప్ మీద నీళ్లని అంటిపెట్టుకుని పోతున్నట్టు కనిపించినా అదంతా చిన్న చిన్న ఎగుడుదిగుళ్లే. కాళ్లని అలసగొట్టేది అవే.

ఒకటి వెతకండి: ఆనకట్ట కట్టేటప్పుడు రాయి మోయడానికి వేసిన రైలు మార్గం. రైలింజను నిటారు వాలు ఎక్కలేదు కాబట్టి ఆ పాత రైలు కట్ట మీద సాధారణంగా వాలు రెండు మూడు శాతం మించదు. వేల్స్‌లోని ఎలాన్ లోయ బాట అలాంటిదే. 1904లో ప్రారంభమైన ఆనకట్టల కోసం వేసిన రైలు దారి మీద ఇప్పుడు సుమారు 14 కిలోమీటర్లు సైకిళ్లు పోతున్నాయి.

మట్టిబాట:
బళ్లు వస్తాయా రావా అన్నదానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (జనమే కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్) ఆ గీత మీద నొక్కి ట్యాగులు, అంటే బాట గురించి రాసిన వివరాలు, చదవండి. ‘మోటార్_వెహికల్=నో’, ‘బైసికిల్=డెసిగ్నేటెడ్’ రెండూ ఉంటే మేలైన బాట. ‘మోటార్_వెహికల్=ఫారెస్ట్రీ’ అంటే కార్లు రావు గానీ దుంగల లారీలు వస్తాయి. ‘యాక్సెస్=ప్రైవేట్’ ఉంటే, సైకిళ్లకి అనుమతి అని విడిగా రాసి లేనిదే ఆ బాటని రూట్‌లో పెట్టకండి. నేల ఎంత గట్టిదో చెప్పే ‘ట్రాక్‌టైప్’లో గ్రేడ్1 నుంచి గ్రేడ్3 వరకు 40 టైర్లకి హాయిగా ఉంటుంది. గ్రేడ్4 మెత్తటి నేల, వానపడితే బురద టైరుకీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది. గ్రేడ్5 అంటే దాదాపు గడ్డే, వదిలేయండి. ఏ ట్యాగూ లేకపోతే అది మంచి బాటనీ కాదు, చెడ్డదనీ కాదు, ఎవరూ చూసి రాయలేదని అర్థం.

తర్వాత ఉపగ్రహ చిత్రం. చక్రాలు పడిన రెండు గాడులు, నడుమ పచ్చగడ్డి కనిపిస్తే బళ్లు అరుదు. నాలుగైదు మీటర్ల వెడల్పున తెల్లగా, గడ్డిపోచ లేకుండా ఉంటే లారీల దారి. అక్కడ కొత్తగా పరిచిన, అంచులు అరగని పెద్ద కంకర ఉండే అవకాశం ఎక్కువ. టైరు పక్కగోడలు కోసేది అదే.

ఇంకో ముఖ్యమైన సంగతి. చిత్రం నీళ్లు తగ్గిన కాలంలో తీసింది అయితే జలాశయం అడుగున ఉండే పాత బండిబాటలు కూడా బయటపడి చక్కటి దారుల్లా కనిపిస్తాయి. ఒడ్డు వెంట చెట్టూచేమా లేని లేతరంగు పట్టీ కనిపిస్తోందా? దాని పై అంచే పూర్తి నీటిమట్టం. మీ గీత ఎక్కడైనా ఆ పట్టీలోకి దిగితే, నిండిన రోజున అక్కడ ఉండేవి నీళ్లే. నీళ్లు తీసిన కొత్తలో అయితే ఒండ్రులో చక్రం దిగబడుతుంది.

ఆనకట్ట మీద సైకిల్‌కి అనుమతి ఉందా, గేటు ఎన్ని గంటలకి మూస్తారు అన్నది నిర్వహించే వాళ్లనే అడగండి. చుట్టు తెగేది చాలాసార్లు అక్కడే.

గాలిపంపు:
85 కిలోలకి, 40 టైర్లకి ముందు 29, వెనక 32 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. రాయి తగిలినప్పుడు రిమ్ము ఠంగుమంటే 2 పెంచండి. ఎక్కుడులో వెనక చక్రం జారి తిరుగుతూ, చేతులు అదిరిపోతుంటే 2 తగ్గించండి. లారీల కంకర ఎక్కువుంటే వెనక 35. పెద్ద పంపు మీటర్లు ఈ తక్కువ పీడనం దగ్గర సరిగా చూపవు, విడి డిజిటల్ గేజ్ వాడండి. సీలంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) టైరుకి 60 మిల్లీలీటర్లకి తగ్గకూడదు. వేడి, పొడి వాతావరణంలో రెండు మూడు నెలల్లో ఆరిపోతుంది. చక్రం ఊపితే లోపల ద్రవం కదిలిన చప్పుడు రాకపోతే మళ్లీ పోయండి.

గేరు విషయం. మీ 40–42 గేరులో (ముందు 40, వెనక 42 పళ్లు) నిమిషానికి 60 తొక్కుళ్లకి వేగం గంటకి 7.5 కిలోమీటర్లు. పది శాతం కంకర ఎక్కుడులో దానికి సుమారు 190 వాట్లు కావాలి, పద్నాలుగు శాతంలో 260 దాకా. లేచి నిలబడి తొక్కుదామంటే కంకర మీద వెనక చక్రం మీది బరువు తగ్గి జారుతుంది. చైన్‌రింగ్ 36కి మారిస్తే అదే తొక్కుడుకి వేగం 6.8, పది శాతంలో సుమారు 170 వాట్లు చాలు. ఇది అన్నిటికంటే తక్కువ పనితో అయ్యే మార్పు. మార్చినప్పుడు చైన్‌లో ఒక లోపలి లింకు, ఒక బయటి లింకు తీసేయడం మరవకండి. అలాగే వదిలేస్తే చిన్న పళ్ల మీద చైన్ వదులై గతుకుల్లో కొట్టుకుంటుంది.

దిగుడులో బాటకి ఏటవాలుగా తవ్విన నీటికాలవలు వస్తాయి. వాటిని సూటిగా, కాలవకి అడ్డంగా దాటండి, దాటేటప్పుడు ముందు బ్రేకు పట్టొద్దు. ఏటవాలుగా దాటితే ముందు చక్రం కాలవ వెంటే లాక్కుపోతుంది. పశువులు దాటకుండా పరిచిన ఇనుప కడ్డీల మీద కూడా ఇంతే, తడిసినప్పుడు మరీను. మలుపుల్లో వదులు కంకర బయటి అంచున పోగవుతుంది, గాడిలోనే ఉండండి, వేగం మలుపుకి ముందే తగ్గించండి.

రెండుచక్రాలు:
చాలా ఉపయోగమండీ. చేత్తో లెక్కపెడితే 410 మీటర్లే వచ్చింది. రూట్‌లో 13 శాతం ముక్క ఒకటుంది, 300 మీటర్ల పొడవు, దాని అవతలి వైపు 5 శాతమే. దిశ ఎటు పెట్టాలి?

కాంటూర్‌గీత:
ఆ 13 శాతం ముక్క నేల ఏమిటో చూడండి. గట్టిగా దిమ్మిస చేసిన నేలైతే దాన్ని ఎక్కి, 5 శాతం వైపు దిగండి. వదులు కంకరైతే ఎక్కేటప్పుడు జారుతుంది, దిగేటప్పుడు బ్రేకు పట్టదు. రెంటిలో ఎక్కడమే నయం, జారితే దిగి తోసుకోవచ్చు. ఎటు చూసినా 13 ఎక్కడమే తేలింది కాబట్టి దిశ నిర్ణయమైనట్టే.

గాలి కూడా చూసుకోండి. ఎండగా ఉన్న రోజుల్లో కొండ లోయల్లో గాలి పగలు పైకి, రాత్రికి కిందికి వీస్తుంది, పొడవాటి జలాశయం మీద దానికి అడ్డే ఉండదు. జలాశయం మధ్యలో దాటే వంతెన లేకపోతే, సగం దూరం చేరాక వెనక్కి రావడం, ముందుకి పోవడం ఒకటే. వాతావరణమో, సైకిలో అనుమానంగా ఉంటే 13వ కిలోమీటరు లోపే వెనక్కి తిరగండి.

మట్టిబాట:
తాగే నీళ్లు పూర్తిగా మోసుకెళ్లండి, ఎండలో మనిషికి రెండున్నర లీటర్లు. చుట్టూ నీళ్లే కదా, ఫిల్టర్ చాలనుకోవద్దు. ఒడ్డున పచ్చరంగు చిలికినట్టు తెట్టు ఉంటే అది నీలి ఆకుపచ్చ నాచు. దాని విషం మరిగించినా పోదు, మామూలు జేబు ఫిల్టర్లలో ఆగదు.