కంటైనర్ ఏజెంట్‌లో ఎన్‌పీఎం క్యాష్ నిలుపుకోవడం ఎలా?

జెంకిన్స్‌లో (కోడ్‌ని ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసే సాఫ్ట్‌వేర్) ఒక్కో బిల్డ్‌కి కొత్త డాకర్ కంటైనర్‌ని (మిగతా సిస్టమ్ నుంచి వేరుగా నడిచే వాతావరణం) ఏజెంట్‌గా, అంటే బిల్డ్ నడిచే చోటుగా, వాడుతున్నాను. పాత బిల్డ్ చెత్త తర్వాతి దానికి అంటుకోదు, అది నాకు బాగా నచ్చింది. కానీ కంటైనర్‌తో పాటు ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు తెచ్చే టూల్) డౌన్‌లోడ్ చేసి దాచుకున్న క్యాష్ కూడా పోయి, ప్రతిసారీ ప్యాకేజీలన్నీ మళ్లీ డౌన్‌లోడ్ అవుతున్నాయి.

హోస్ట్‌లోని, అంటే కంటైనర్ నడిచే అసలు మెషీన్‌లోని, ఒక ఫోల్డర్‌ని క్యాష్ కోసం కంటైనర్‌లోకి మౌంట్ చేస్తే ‘పర్మిషన్ డినైడ్’ వచ్చింది. కంటైనర్ నడిచేది జెంకిన్స్ యూజర్ ఐడీతో, మా దగ్గర అది 1000. డాకర్ సృష్టించిన ఆ ఫోల్డర్ మాత్రం రూట్‌ది (అన్ని అధికారాలున్న అడ్మిన్ యూజర్). కంటైనర్‌ని రూట్‌గా నడిపి చూశాను. బిల్డ్ అయింది గానీ, వర్క్‌స్పేస్‌లో (బిల్డ్ జరిగే ఫోల్డర్) మిగిలిన రూట్ ఫైళ్లను జెంకిన్స్ చెరపలేకపోయింది. ఆ దారి వద్దు.

ఫోల్డర్ ఓనర్‌ని 1000కి మారిస్తే చాలా, హోమ్ వేరియబుల్ (యూజర్ హోమ్ ఫోల్డర్ ఎక్కడుందో చెప్పేది) కూడా మార్చాలా? రెండు బిల్డ్‌లు ఒకేసారి అదే క్యాష్‌లో రాస్తే పాడవుతుందా? ఇలా నడుపుతున్నవాళ్లు మీ ఏజెంట్ బ్లాక్ (పైప్‌లైన్ స్క్రిప్ట్‌లో ఏజెంట్‌ని చెప్పే భాగం) ఎలా రాసుకున్నారో దయచేసి చూపించండి.