వైరు పెట్టినా నెట్ ఆగి ఆగి వస్తోంది: డెస్క్‌టాప్, ల్యాన్ కేబుల్, గుంటూరు

అడిగినవారు (గుంటూరు, బ్రాడీపేట):
అందరికీ నమస్కారం. వైఫై గొడవ వద్దని డెస్క్‌టాప్‌కి ల్యాన్ వైరే పెట్టించాం. అయినా నెట్ ఉన్నట్టుండి పోతుంది, పది పదిహేను సెకన్లకి దానంతటదే వస్తుంది. వీడియో కాల్‌లో ఉండగా అయితే ఇక చెప్పక్కర్లేదు. ఫైబర్ కనెక్షన్, ప్లాన్ 200 ఎంబీపీఎస్. ఫైబర్ బాక్స్ హాల్లో టీవీ దగ్గర ఉంది, రౌటర్ కూడా అందులోనే. అక్కణ్ణుంచి వెనక గదికి పైపులో సుమారు 20 మీటర్ల వైరు. ఫోన్లలో వైఫై బాగానే ఉంటుంది గానీ రోజులో ఒకట్రెండుసార్లు అదీ పోతుంది. సిస్టంలో స్పీడ్ ఎప్పుడు చూసినా 95 దాటదు. కంపెనీ మనిషి వచ్చి ఫోన్లో స్పీడ్ చూపించి, "మా వైపు అంతా ఓకే, సిస్టం ఫార్మాట్ చేయించుకోండి" అని వెళ్ళాడు. విండోస్ 11. చేయించమంటారా?

జవాబు (విజయవాడ, సత్యనారాయణపురం):
ఫార్మాట్ జోలికి పోకండి. మీరు రాసినదాంట్లోనే రెండు విషయాలున్నాయి, వాటిని కలపొద్దు. సిస్టం ఒక్కదానికే పోవడం వేరు, ఫోన్లతో సహా ఇల్లంతా పోవడం వేరు. రెండిటికీ ఒకటే కారణం ఉండాలని లేదు.

ముందు సిస్టం సంగతి. 95 దగ్గర ఆగిపోతోందంటే లింకు (సిస్టంకీ రౌటర్‌కీ మధ్య వైరు కనెక్షన్) 100 మీద నడుస్తోందన్నమాట. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్, ఈథర్నెట్ తెరిచి లింక్ స్పీడ్ చూడండి. 1000 ఉండాల్సిన చోట 100 కనిపిస్తే, వైరులో ఉన్న నాలుగు జతల్లో ఏదో ఒకటి సరిగ్గా లేదని ముందు అనుమానించాలి. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు (1, 2 పిన్నులు ఒక జత, 3, 6 ఇంకో జత). గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, నాలుగూ కావాలి. మిగతా రెండిట్లో ఏదైనా పాడైతే సిస్టంలోని నెట్‌వర్క్ కార్డు గిగాబిట్ కోసం ప్రయత్నించి, కుదరక 100కి దిగిపోతుంది.

ఇప్పుడు పోయేది ఎక్కడో పట్టుకోవాలి. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి నల్ల కిటికీ తెరవండి. ఐపీకాన్ఫిగ్ అని ఇస్తే డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా ఒక నంబరు వస్తుంది, చాలా ఇళ్ళలో 192.168.1.1. అది మీ రౌటర్. పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబరు, మళ్ళీ ఖాళీ వదిలి హైఫన్, పక్కనే చిన్న టి అక్షరం. ఇది ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. పక్కన రెండో కిటికీలో ఇలాగే 8.8.8.8కి (బయట ఉన్న గూగుల్ సర్వర్) పెట్టండి. రెండూ కనిపించేలా సర్దుకుని మీ పని చేసుకోండి. నెట్ పోయిన క్షణంలో చూడాల్సింది ఇదీ:

రౌటర్‌కి జవాబులు ఒక మిల్లీ సెకను లోపు వస్తూనే ఉండి 8.8.8.8 ఒక్కటే ఆగితే తప్పు బయట, ఫైబర్ వైపు. రెండూ ఆగితే తప్పు ఇంట్లో. అందులోనూ "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" కాకుండా "జనరల్ ఫెయిల్యూర్" అని వస్తే లింకే తెగిపోతోంది, అంటే వైరో, పోర్టో, కార్డో. రెండు చోట్లా జవాబులు వస్తూనే ఉండి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే డీఎన్ఎస్ (సైటు పేరును నంబరుగా మార్చే ఏర్పాటు) సంగతి చూడాలి, దానికి వైరుతో పనిలేదు.

జవాబు (విజయవాడ, పటమట):
పైవారు చెప్పింది చేశాక ఇదీ చూడండి. డివైస్ మేనేజర్, నెట్‌వర్క్ అడాప్టర్స్, మీ ఈథర్నెట్ కార్డు మీద రెండుసార్లు నొక్కండి. పవర్ మేనేజ్‌మెంట్‌లో కంప్యూటర్ ఈ కార్డును ఆపేయవచ్చు అనే టిక్కు తీసేయండి. అడ్వాన్స్‌డ్‌లో ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్, గ్రీన్ ఈథర్నెట్ అని ఉంటే డిజేబుల్డ్ చేయండి. ఖాళీగా ఉన్నప్పుడు కార్డు నిద్రపోవడానికి పెట్టిన ఏర్పాట్లివి. కొన్ని రౌటర్లతో ఇవి సరిగ్గా పొసగవు, లేచే సమయానికి లింకు తెగుతుంది. ఒక్కొక్కటే మార్చి చూడండి, అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు.

స్పీడ్ అండ్ డూప్లెక్స్‌ని మాత్రం ఆటో నెగోషియేషన్‌లోనే ఉంచండి (డూప్లెక్స్ ఫుల్ అంటే రెండు వైపులా ఒకేసారి పంపడం, హాఫ్ అంటే వంతులవారీగా). "100 ఫుల్ డూప్లెక్స్ పెట్టేయండి, తెగడం ఆగిపోతుంది" అని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి చోటా ఉంటారు. మీ వైపు బిగించేస్తే ఆటోలో ఉన్న రౌటర్ మీ సిస్టం డూప్లెక్స్ తెలుసుకోలేక హాఫ్‌కి పడిపోతుంది. పింగ్ చక్కగా వస్తుంది, పెద్ద ఫైలు దింపగానే కుంటుతుంది. ఉన్న రోగానికి ఇంకొకటి తోడు.

ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టం చూడండి. ఇంటెల్ కార్డైతే లింకు తెగిన ప్రతిసారీ 27 నంబరుతో ఎంట్రీ పడుతుంది. ఆ టైములు రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. చేసి చూశాను. లింక్ స్పీడ్ 100/100. పోయినప్పుడు రెండు కిటికీల్లోనూ "జనరల్ ఫెయిల్యూర్". పవర్ సెట్టింగులు మార్చినా తేడా రాలేదు. మా తమ్ముడి ల్యాప్‌టాప్‌కి అదే వైరు పెడితే దానికీ 100, అలాగే పోయింది. తర్వాత ల్యాప్‌టాప్‌ని హాల్లో రౌటర్ పక్కనే రౌటర్‌తో వచ్చిన చిన్న వైరుతో, అదే పోర్టుకి పెట్టాను. 1000 చూపించింది, చాలాసేపు ఉంచినా ఒక్కసారీ తెగలేదు. అంటే వైరేనా? కానీ వైరు వేసినతను ఎనిమిది లైట్ల టెస్టర్ పెట్టి, 1 నుంచి 8 వరకూ వరసగా వెలిగించి చూపించాడు కదా!

జవాబు (విజయవాడ, సత్యనారాయణపురం):
వైరే. సిస్టం, పోర్టు రెండూ నిర్దోషులు. టెస్టర్ వెలిగినా తప్పు ఎలా ఉంటుందో చెబుతాను గానీ, ముందు మీ ప్లగ్గులో రంగుల వరస చదివి చెప్పండి. కొక్కెం కిందికి, బంగారు రంగు పళ్ళు పైకి, వైరు మీ వైపు వచ్చేలా పట్టుకుంటే ఎడమ చివరిది ఒకటో పిన్ను.

అడిగినవారు:
వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, గ్రీన్, వైట్ బ్లూ, బ్లూ, వైట్ బ్రౌన్, బ్రౌన్. రెండు వైపులా ఇదే. చూడ్డానికి పద్ధతిగానే ఉందండీ.

జవాబు (విజయవాడ, సత్యనారాయణపురం):
ఆ పద్ధతే కొంప ముంచింది. ఉండాల్సిన వరస ఇది: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. గ్రీన్ ఆరో చోట ఉండాలి, బ్లూ నాలుగో చోట.

కారణం ఏంటంటే, కార్డు 3, 6 పిన్నుల్ని ఒక జతగా వాడుకుంటుంది. వైరు లోపల మెలితిప్పినవి వైట్ గ్రీన్, గ్రీన్. మీ ప్లగ్గులో 3కి వైట్ గ్రీన్, 6కి బ్లూ వచ్చాయి. అవి వేర్వేరు మెలికల్లోవి. ఒకదానికొకటి మెలితిరిగి ఉంటేనే పక్క జతల సిగ్నల్, బయటి కరెంటు ప్రభావం రెండు తీగల మీదా సమానంగా పడి రద్దైపోతాయి. జత విడిపోతే ఆ రక్షణ లేదు. టెస్టర్ చూసేది ఈ చివర మూడు ఆ చివర మూడుకి తగిలిందా లేదా అన్నదే, ఏది ఎవరితో మెలితిరిగి ఉందో దానికి తెలీదు. రెండు వైపులా ఒకే తప్పు చేస్తే లైట్లన్నీ వరసగా వెలుగుతాయి. ఒకట్రెండు మీటర్ల ముక్కలో ఇది బయటపడకపోవచ్చు, 20 మీటర్లలో పడింది.

వైరు మార్చక్కర్లేదు, రెండు చివర్లా ప్లగ్గులు కోసి కొత్తవి వేయండి. కావలసినవి: ఆర్‌జే45 ప్లగ్గులు నాలుగు (రెండు పాడవుతాయని లెక్కేసుకోండి), ప్లగ్గును నొక్కి బిగించే క్రింపింగ్ టూల్. టూలు కొనడం దండగ అనుకుంటే సీసీ కెమెరాలు బిగించేవాళ్ళందరి దగ్గరా ఉంటుంది, అడిగితే ఇస్తారు. క్యాట్ 6, క్యాట్ 5ఈ అనేవి ల్యాన్ వైరు రకాలు; క్యాట్ 6 వైరుకి క్యాట్ 6 ప్లగ్గే తీసుకోండి. దాని తీగ లావు, క్యాట్ 5ఈ ప్లగ్గులో బలవంతాన దూర్చాల్సి వస్తుంది.

పై తొడుగు మూడు సెంటీమీటర్లు తీయండి. తీసేటప్పుడు లోపలి తీగలకి బ్లేడు గాటు పడిందేమో చూడండి, పడితే మళ్ళీ కోసి మొదలుపెట్టండి. గాటు పడిన తీగ ఇవాళ పనిచేసి, తర్వాతెప్పుడో వైరు కదిపితే తెగుతుంది. మెలికలు విప్పి, వరసలో పెట్టి, వేళ్ళతో చదునుగా నొక్కి, చివర్లు ఒక్క కోతలో సమం చేయండి. తొడుగు నుంచి చివరికి సుమారు 13 మిల్లీమీటర్లు మిగలాలి, మెలిక విప్పిన పొడవు అంతకు మించకూడదు. ప్లగ్గులో తోశాక ముందు వైపు నుంచి ఎనిమిది రాగి చుక్కలూ కనిపించాలి. తొడుగు కూడా ప్లగ్గులోకి వెళ్ళి, వెనక ఉన్న చిన్న నొక్కు దాని మీద బిగియాలి. తొడుగు బయటే ఉండిపోతే లాగినప్పుడల్లా బరువంతా తీగల మీద పడుతుంది. చూసుకున్నాక టూలుతో ఒక్కసారి గట్టిగా నొక్కండి.

కోసినప్పుడు ఒక తీగ ముక్క తీసుకుని బ్లేడుతో గీకండి. లోపలా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా బయటపడితే అల్యూమినియం మీద రాగి పూత, సీసీఏ అంటారు. దాంతో 20 మీటర్లు నడవొచ్చు గానీ నాలుగుసార్లు వంచితే విరుగుతుంది, ప్లగ్గు దగ్గర పట్టు వదులవుతుంది. అదే అయితే ప్లగ్గులకి కష్టపడకుండా వైరే మార్చేయండి.

జవాబు (గుంటూరు, లక్ష్మీపురం):
ఒక్క మాట. ఆ పైపులో కరెంటు వైర్లు కూడా ఉన్నాయా? ఉంటే ల్యాన్ వైరు విడిగా లాగించండి. సిగ్నల్ సంగతి అటుంచి, కరెంటు వైరు తొడుగు ఎక్కడైనా కరిగితే 230 వోల్టులు మీ సిస్టంలోకి వస్తాయి.

అడిగినవారు:
పైపు విడిగానే ఉందండీ. ప్లగ్గులు మార్పించాం. రాగి వైరే. లింకు 1000 వచ్చింది, స్పీడ్ 200 వస్తోంది, జనరల్ ఫెయిల్యూర్ మళ్ళీ కనిపించలేదు. కానీ పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి మొత్తం పోవడం అలాగే ఉంది. అప్పుడు ఫోన్లకీ ఉండదు, రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఇది కంపెనీ వాళ్ళదేనా?

జవాబు (విజయవాడ, పటమట):
రెండు మూడు నిమిషాలంటే అది బాక్స్ మళ్ళీ మొదలయ్యే సమయం. బ్రౌజర్లో రౌటర్ నంబరు కొట్టి లోపలికి వెళ్ళి స్టేటస్‌లో అప్‌టైమ్ (బాక్స్ ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో చెప్పే అంకె) చూడండి. నెట్ వచ్చిన వెంటనే అది సున్నా నుంచి మొదలైతే బాక్స్ ఆగి లేచింది, అంటే కరెంటు. అప్‌టైమ్ చెదరకుండా ఉంటే ఫైబర్. పొద్దున, సాయంత్రం అన్నారు కాబట్టి ఆ టైములో అపార్ట్‌మెంట్ మోటారు వేస్తున్నారేమో కనుక్కోండి.

అడిగినవారు:
అవునండీ, సరిగ్గా మోటారు వేసినప్పుడే! లైట్లు కూడా ఒక క్షణం డిమ్ అవుతాయి. అప్‌టైమ్ సున్నా నుంచే మొదలైంది.

జవాబు (విజయవాడ, పటమట):
మోటారు లేచేటప్పుడు వోల్టేజి దిగుతుంది. మంచి అడాప్టర్ ఆ క్షణాన్ని తట్టుకుంటుంది. లోపలి కెపాసిటర్ ముసలిదైతే తట్టుకోలేదు. ఎండాకాలం టీవీ వెనక వేడిలో ఇవి తొందరగా పోతాయి. మల్టీమీటర్‌తో చూసి 12 వోల్టులు వస్తున్నాయి కదా అనుకోకండి, లోడ్ లేనప్పుడు పాడైనదీ 12 చూపిస్తుంది.

బాక్స్ కింద స్టిక్కర్ చదవండి. 12 వోల్టులు 1 యాంపియర్ అని ఉంటే వోల్టులు కచ్చితంగా అంతే ఉండాలి, యాంపియర్లు అంతకన్నా ఎక్కువున్నా పర్వాలేదు, తక్కువ ఉండకూడదు. పిన్ను సైజు, మధ్యలో ప్లస్సా మైనస్సా అన్నదీ కలవాలి. కనెక్షన్‌తో ఇచ్చిన బాక్స్ అయితే ముందు కంపెనీ వాళ్ళనే అడాప్టర్ మార్చమనండి. అప్‌టైమ్ స్క్రీన్‌షాట్ చూపిస్తే ఫార్మాట్ మాట ఎత్తరు.

కరెంటు కోతలకీ కలిసొస్తుందనుకుంటే రౌటర్‌కి పెట్టే 12 వోల్టుల మినీ యూపీఎస్ తీసుకోండి. కొన్నిటికి 9, 12 రెండు అవుట్‌పుట్లు ఉంటాయి, గుచ్చే ముందు చూసుకోండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో కూడా చూడండి. నార్మల్ మోడ్‌లో మారడానికి పట్టే సమయంలోనే బాక్స్ ఆగిపోవచ్చు.

ప్రశ్న (విజయవాడ, భవానీపురం):
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాకు అప్‌టైమ్ మారదు, కానీ నెట్ పోయినప్పుడు ఎల్ఓఎస్ అనే లైటు ఎర్రగా మిణుకుతుంది. అదీ అడాప్టరేనా?

జవాబు (విజయవాడ, సత్యనారాయణపురం):
కాదు, మీది ఫైబర్. ఆ ఎర్ర లైటంటే వెలుతురు బాక్స్ దాకా రావట్లేదని. సోఫా కిందో తలుపు సందులోనో పసుపు తీగ నలిగిందేమో చూడండి. ఎక్కడా 3 సెంటీమీటర్ల వ్యాసార్ధం కన్నా గట్టిగా వంచొద్దు. ప్లగ్గు ఆకుపచ్చదైతే అది ఆకుపచ్చ సాకెట్‌లోకే వెళ్ళాలి. నీలం దానికి పెడితే చివరలు ఆనవు, వెలుతురు పోతుంది. ప్లగ్గు కొన వేలితో తుడవద్దు, అందులోకి కంటితో చూడొద్దు.

రౌటర్ పేజీలో ఆర్ఎక్స్ పవర్ (బాక్స్‌కి అందుతున్న వెలుతురు బలం) అని ఉంటే ఆ అంకె రాసుకోండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటితే బాక్స్ పట్టుకోలేదు. పోయినప్పుడు, ఉన్నప్పుడు రెండు అంకెలూ కంప్లైంట్‌లో రాయండి. "నెట్ స్లో" అని రాస్తే ఫోన్ చేసి రీస్టార్ట్ చేయమంటారు, ఆర్ఎక్స్ అంకె రాస్తే ఫైబర్ అతికించే స్ప్లైసింగ్ మెషీన్ ఉన్న మనిషిని పంపుతారు.

అడిగినవారు:
అడాప్టర్ మార్చారండీ. పాతది 12 వోల్టులు 0.5 యాంపియర్, బాక్స్ స్టిక్కర్ మీద 1 యాంపియర్ ఉంది. మోటారు వేయించి చూశాను, లైట్లు డిమ్ అయ్యాయి గానీ నెట్ ఆగలేదు.