ఓపీలో నా పక్కన ఎవరూ ఉండరు. తప్పు చేస్తే నాకు తెలిసేదెలా?

డీఎన్‌బీ రెండో ఏడు, విశాఖ:
అందరికీ నమస్కారం. ఫ్యామిలీ మెడిసిన్‌లో డీఎన్‌బీ (ఎంబీబీఎస్ తర్వాత చేసే పీజీ) చేస్తున్నాను. మూడేళ్ల కోర్సులో వార్డులు, లేబర్ రూం, క్యాజువాలిటీ అన్నీ తిరుగుతాం. అక్కడ రౌండ్సులో సీనియర్లుంటారు, తిట్టయినా తప్పు చెబుతారు. ఇబ్బందల్లా ఓపీలోనే. ఇప్పుడు నన్నొక బస్తీ క్లినిక్కులో వేశారు. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా అరవై, డెబ్భై చీటీలు. అనుమానమొస్తే అడగడానికి పక్క గదిలో కూడా ఎవరూ లేరు. నెలాఖరున, చూసిన కేసులు రాసుకునే లాగ్‌బుక్ పట్టుకెళితే పేజీలన్నిటికీ ఒక్క ఊపులో సంతకాలు పడిపోతాయి.

మొన్న సోమవారం చేపలమ్ముకునే ఆవిడ వచ్చింది, యాభై దాటి ఉంటాయి. "పది రోజుల్నించి గ్యాసమ్మా, గుండెల్లో మంట" అంది. బీపీ చూశాను, పొట్ట నొక్కి చూశాను, యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ రాశాను. ఆవిడ తలుపు దగ్గర ఆగి, "తట్టెత్తుకుని మెట్లెక్కితే మరీను, కాసేపు కూకోవాల్సొస్తంది" అంది. అప్పటికే తర్వాతి నంబరు పిల్లాడు లోపలికొచ్చేశాడు. నేను తలూపాను. ఆ మాట రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది.

ఇలాంటివి ఎన్ని వదిలేశానో అని భయంగా ఉంది. సరైన సూపర్‌విజన్ కింద నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే అదెలా ఉంటుందో చెప్పండి.

గాజువాక పాత డాక్టరు:
అమ్మా, కోర్సు సంగతి తర్వాత, ముందు ఆవిడ సంగతి చూడు. ఓపీ రిజిస్టర్లో ఫోన్ నంబరుంటే ఇవాళే చెయ్యి, లేకపోతే ఆశా కార్యకర్తని ఇంటికి పంపు. ఈసీజీ, షుగరు చూడు. పడుకోబెట్టి తీసిన ఈసీజీ బాగుందని ఊరుకోకు. పని చేస్తే వచ్చి, కూర్చుంటే తగ్గే నొప్పి అయితే కార్డియాలజీకి రాసివ్వాల్సిందే. ఊరికే ఉన్నా వస్తోందంటే అప్పటికప్పుడు కేజీహెచ్ (మన పెద్ద సర్కారు ఆసుపత్రి) క్యాజువాలిటీకి పంపు. మనవాళ్లకి పొట్టలో మంటా గ్యాసే, గుండెనొప్పీ గ్యాసే. ఆ మాట వినగానే "ఏం చేస్తుంటే వస్తోంది?" అని అడగడం అలవాటు చేసుకో.

ఇక నీ ప్రశ్న. నేను క్లినిక్కు పెట్టకముందు ఒక పెద్దాయన దగ్గర మూడు నెలలు స్టూలు మీద కూర్చున్నాను. తర్వాత ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, ఆ స్టూలు మీదికి ఆయన మారారు. పేషెంటు ఉన్నంతసేపూ ఒక్క మాట మాట్లాడేవారు కాదు. వాళ్లు వెళ్లాక ఏ మందు రాశానో అడిగేవారు కాదు. "వారం నుంచి ఉన్న నొప్పికి ఇవాళే ఎందుకొచ్చాడురా?" అనేవారు. నాకు జవాబు తెలిసేది కాదు. ఒకసారి ఆ ప్రశ్న పట్టుకుని పేషెంటుని వెనక్కి పిలిస్తే, అన్న ముందురోజే గుండెపోటుతో పోయాడని చెప్పి ఏడ్చాడు. నడుంనొప్పి అని వచ్చిన మనిషి! డాక్టరు పనిలో ఇది సగం. పక్కన కూర్చుని చూసేవాళ్లు లేకపోతే ఆ సగం ఎన్నేళ్లు గడిచినా రాదు. లాగ్‌బుక్ సంతకం దానికి బదులు కాదు, ఇది గట్టిగానే అంటున్నాను.

ఎంవీపీ కాలనీ:
నేను కొన్నేళ్లు ఇంగ్లండులో జీపీగా, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టరుగా, చేసి వచ్చాను. అక్కడా ట్రైనింగు మూడేళ్లే. అయితే ప్రతి ట్రైనీకి ఫలానావారు అని ఒక సూపర్‌వైజరు ఉంటారు. ఓపీ అయ్యాక ఆయనతో కూర్చుని ఆ పూట చూసిన కేసులు మాట్లాడుకోవాలి. మొదట్లో నాకు ఒక్కో పేషెంటుకి అరగంట ఇచ్చారు, పోనుపోను తగ్గించుకుంటూ వచ్చారు.

పేషెంటు ఒప్పుకుంటే వీడియో కూడా తీసేవాళ్లం. నా మొదటి వీడియోలో నేను కంప్యూటరు వైపు తిరిగి టైపు చేస్తున్నాను, ముసలాయన చెప్పబోయి రెండుసార్లు నోరు మూసుకున్నాడు. గదిలో ఉన్నప్పుడు అది నా కంట పడనేలేదు. మా ట్రైనరు అక్కడ వీడియో ఆపి, ఏమీ అనకుండా నా వైపు చూశారు. మీకు తలుపు దగ్గర మాటైనా వినబడింది డాక్టరుగారూ, అది చిన్న విషయం కాదు.

పాడేరు వైపు పీహెచ్‌సీ:
ఏజెన్సీలో వైద్యుడిగా చేరిన కొత్తలో నాకూ ఎవరూ లేరు మేడం. ఒక జ్వరం కేసు ఐదు రోజులైనా తగ్గలేదు, మలేరియా కిట్టు నెగటివ్. నా సీనియర్‌కి ఫోన్ చేస్తే ఒకటే అడిగాడు: "చంకలు, గజ్జలు చూశావా?" వెళ్లి చూస్తే చంకలో సిగరెట్టు చురకలా నల్లటి పక్కు. స్క్రబ్ టైఫస్, చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం! డాక్సీసైక్లిన్ మొదలెట్టాక రెండు రోజుల్లో జ్వరం దిగింది. ఆ రోజు నుంచి రాత్రి ఎనిమిదికి ఆయనకి ఫోన్ చేసి రెండు కేసులు చెబుతాను. పేరూ ఊరూ చెప్పను. బాగా కుదిరిన కేసు ఒకటి, మనసుకి పీకుతున్నది ఒకటి. పావుగంట పడుతుంది.

గాజువాక పాత డాక్టరు:
పీహెచ్‌సీ అబ్బాయి చెప్పింది బాగుంది. అమ్మా, గురువారం మధ్యాహ్నం నా క్లినిక్కు ఖాళీ. మీ గైడ్‌ని అడిగి రా, మీ ఓపీలో నేనొచ్చి కూర్చోవడానికి ఒప్పుకుంటే ఇంకా మంచిది. స్టూలు నేనే తెచ్చుకుంటాను.

డీఎన్‌బీ రెండో ఏడు, విశాఖ:
సర్, ఫోన్ చేశాను. కూతురు ఎత్తింది. నిన్న రాత్రి కూడా మెట్ల మీద ఆగిపోయిందట, కూర్చున్నాక తగ్గిందట. ఊరికే ఉన్నప్పుడు వస్తే నాకోసం చూడకుండా సూటిగా కేజీహెచ్‌కి వెళ్లమన్నాను. రేపు పొద్దున ఎనిమిదిన్నరకి, ఓపీ మొదలవకముందే తీసుకొస్తానంది. ఈసీజీ టెక్నీషియన్‌తో మాట్లాడి పెట్టాను. గురువారం సంగతి మా గైడ్‌ని రేపే అడుగుతాను.